ముందు మీ చేతులు చూపించండి

రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కుర్రవాళ్లు అడగరు. పిస్టలేనని సినిమాలు వాళ్లకు ముందే తేల్చి చెప్పేశాయి. నేను పోలీసు శాఖలో, జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆయుధాలు విప్పడం, తుడవడం, నూనె పెట్టడం, అలిసిన స్ప్రింగు మార్చడం, రౌండ్ల లెక్క చూసుకోవడం, ఇదే నా ఉద్యోగం. కర్నూలులో స్థిరపడ్డాను. ఈ రాయలసీమలో పెద్దింటివాళ్లు ఒకప్పుడు తుపాకీ లైసెన్సులు ఎందుకు తీసుకున్నారో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఫ్యాక్షన్ కక్షలు చాలావరకు చల్లారాయి. లైసెన్సు తీసుకున్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. తుపాకులు మాత్రం అలాగే ఉన్నాయి, కొన్ని బీరువాలో, కొన్ని దిండు కింద, కొన్ని ఇంకా నడుముకు.

ఈమధ్య నంద్యాల వైపు పెద్దాయన ఒకరు కారులో వచ్చారు. డెబ్భై దాటింది. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి, అందులో కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన రివాల్వర్. "ఏమప్పా, మావోడు దీన్ని అమ్మేసి పిస్టల్ తీసుకోమంటాండాడు. ఇది పాతకాలందంట. నువ్వేమంటావు?" అన్నారు. తుపాకీ చూడకముందు మీ చేతులు చూపించండి పెద్దాయనా అన్నాను. కుడి బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బి ఉంది. ఉంగరపు వేలు ముడిస్తే అక్కడే ఇరుక్కుంటోంది, మరో చేత్తో లాగితే తప్ప రావడం లేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. వేళ్ల కొసలు తిమ్మిరిగా ఉంటాయని ఆయనే చెప్పారు. ఇక ఏ మోడల్, ఏ కంపెనీ అన్న చర్చకు అక్కడ చోటెక్కడుంది?

మన దేశంలో ఈ చర్చే కొంత కృత్రిమమైనది. మామూలు పౌరుడికి .38, 9 ఎం.ఎం., .45 లాంటివి నిషిద్ధ బోర్లు (గొట్టం కొలతలు). మామూలుగా పోలీసులకు, సైన్యానికి తప్ప దొరకవు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు లైసెన్సుదారుకు 1980లలోనే మూసుకుపోయింది. ప్రధానంగా మిగిలేది .32. అందులో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల రివాల్వర్, అశని అనే పిస్టల్, ఆ తర్వాత వచ్చిన తేలికపాటి నిర్భీక్ రివాల్వర్, 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్, ఇంకా కొద్దిగా ప్రైవేటు తయారీ. వీటికి తోడు తాతల కాలంనాటి వెబ్లీ స్కాట్‌లు, వాల్తర్‌లు చేతులు మారుతూ లక్షల ధర పలుకుతుంటాయి. ఆ ధర ఎందుకంటే ఇంగ్లండు, జర్మనీ పేర్ల మోజు. వాటిలో చాలావాటి స్ప్రింగులు నా వయసువి.

ఇంకో తంటా ఉంది. రివాల్వర్‌లో పట్టే .32 తూటా, పిస్టల్‌లో పట్టే .32 తూటా ఒకటి కాదు. రివాల్వర్‌ది పొడుగు, అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి. లైసెన్సు పుస్తకంలో మాత్రం రెండింటికీ .32 అనే రాస్తారు. తండ్రి రివాల్వర్‌కు కొడుకు పిస్టల్ తూటాల డబ్బా తెచ్చిపెట్టిన ఇల్లు నాకు తెలుసు. ఆ డబ్బా ఏళ్లతరబడి అలాగే ఉంది, ఎవరూ గమనించలేదు. తుపాకీ ఆ ఇంట్లో ఎంత "రక్షణ" ఇచ్చిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

అమెరికాలో రివాల్వరా పిస్టలా అన్నది నిజంగానే పెద్ద ప్రశ్న. అక్కడ కొట్టుకెళ్తే వందల రకాలు. వయసు మళ్లినవాళ్లు, చేతుల్లో కీళ్లనొప్పులున్నవాళ్లు వస్తే చిన్న రివాల్వర్ చూపించడం అక్కడ చాలాకాలంగా అలవాటు. స్లైడ్, అంటే పిస్టల్ పైభాగంలో జరిగే ముక్క, సులువుగా వెనక్కి వచ్చే పిస్టళ్లంటూ కంపెనీలు ఇప్పుడు ప్రత్యేకంగా చేస్తున్నాయి. స్మిత్ అండ్ వెసన్ 2018లో అలాంటిదొకటి, షీల్డ్ ఈజీ పేరుతో, .380 తూటాకు తెచ్చింది. బెరెట్టాలో కొన్ని చిన్న మోడళ్లకు స్లైడ్ లాగే పనే లేదు. గొట్టం వెనుక భాగం పైకి లేస్తుంది, ఒక తూటా నేరుగా అందులో పెట్టి మూసేయొచ్చు. డల్లాస్‌లో ఉన్న నా స్నేహితుడి కొడుకు ఇవన్నీ ఫోటోలు తీసి తండ్రికి పంపుతుంటాడు. ఇక్కడ దొరకని వస్తువుల ఫోటోలు పెద్దవాళ్లకు పంపడం ఏం ప్రేమో నాకర్థం కాదు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అలా వెళ్లినవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, ఒప్పుకోదు. అల్లుడి తుపాకీ అయినా సరే.

ఇక పనితనం సంగతి. పిస్టల్ వాడాలంటే మ్యాగజైన్ పెట్టాక స్లైడ్‌ను ఒకసారి గట్టిగా వెనక్కి లాగి వదలాలి. అప్పుడే తూటా చాంబర్‌లోకి వెళ్తుంది. చిన్న పిస్టల్ కదా, సులువుగా ఉంటుందనుకుంటారు. సాధారణంగా తిరగబడే ఉంటుంది. మన దగ్గర దొరికే .32 పిస్టళ్లలో పేలుడు ధాటిని ఆపేది ప్రధానంగా స్లైడ్ బరువు, దాని వెనక స్ప్రింగు. స్లైడ్ చిన్నదైతే స్ప్రింగు బిగువుగా పెట్టాల్సిందే. పట్టుకోవడానికి చోటు కూడా తక్కువ. బొటనవేలు, చూపుడు వేలు మధ్య చిటికెలా పట్టి లాగుతారు చాలామంది. కీళ్లవాపు ఉన్న చేతికి సరిగ్గా ఆ చోటే నొప్పి. అరచేయి మొత్తం స్లైడ్ మీద వేసి, దాన్ని కదలకుండా పట్టుకుని, పిస్టల్ పట్టిన చేతిని ముందుకు నెట్టాలని మేం రిక్రూట్లకు నేర్పేవాళ్లం. పెద్దవాళ్లకూ అదే చెప్తాను. కొందరికి పని చేస్తుంది. భుజం పట్టేసినవాళ్లకు అదీ చేయదు. చక్కెర జబ్బున్న ఇళ్లలో భుజం పట్టేయడం ఎంత మామూలో మీకు తెలుసు. కష్టం అక్కడితో ఆగదు. పిస్టల్ మధ్యలో ఇరుక్కుంటే మళ్లీ అదే స్లైడ్ లాగాలి. మణికట్టు గట్టిగా నిలబడకపోతే పిస్టల్ ఇరుక్కునే అవకాశం ఎక్కువ కూడా. అంటే ఏ బలహీనత వల్ల ఇరుక్కుందో, దాన్ని సరిచేయడానికి ఆ బలమే కావాలి.

అందుకే పెద్దవాళ్లకు రివాల్వర్ అంటారు. ఆ మాట సగమే నిజం. రివాల్వర్‌లో లాగాల్సిన స్లైడ్ లేదు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. కాకపోతే ఆ ట్రిగ్గర్ నొక్కడమే అసలు పరీక్ష. తూటాను పేల్చే హామర్‌ను వెనక్కి లేపేది, సిలిండర్‌ను తిప్పేది అంతా ఆ ఒక్క వేలే. కాన్పూర్ రివాల్వర్ ట్రిగ్గర్ ఎంత బరువో పట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. తిమ్మిరెక్కిన వేలికి అది సగంలో ఆగిపోతుంది, లేదంటే నొక్కేటప్పటికి గొట్టం నేల చూస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు ఒక ఉపాయం చేస్తారు. బొటనవేలితో హామర్ ముందే వెనక్కి లాగి పెడతారు. ట్రిగ్గర్ తేలికైపోతుంది. ఆ తర్వాత కాల్చే అవసరం రాలేదనుకోండి. తేలికైన ట్రిగ్గర్ ఉన్న తుపాకీలో, వణికే చేత్తో, నొప్పి ఉన్న బొటనవేలితో హామర్‌ను మెల్లగా దించాలి. వేలు జారితే పేలుతుంది. నా దృష్టిలో ముసలి చేతికి రివాల్వర్‌లో ఉన్న అతి పెద్ద ప్రమాదం ఇదే. దీన్ని లైసెన్సుదారుకు చూపించి చెప్పినవాళ్లు నాకు ఎక్కడా కనపడలేదు.

బరువు గురించి కూడా అపోహలున్నాయి. 2014లో నిర్భీక్ వచ్చినప్పుడు దాదాపు అర కిలోనే బరువని, టైటానియం మిశ్రమంతో చేశారని, మహిళల కోసమని బాగా ప్రచారమైంది. అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైమాట. మహిళల సంగతేమో గానీ, నా దగ్గరికి తెచ్చినవాళ్లు చాలావరకు అరవై దాటిన మగవాళ్లే, నడుము నొప్పి అని. మోయడానికి తేలికైన తుపాకీ కాల్చడానికి తేలిక కాదు. అదే తూటాకు తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత కొడుతుంది. ఒక్కసారి కాల్చి అబ్బా అని బల్ల మీద పెట్టేసేవాళ్లు మళ్లీ ప్రాక్టీసు చేయరు. ప్రాక్టీసు లేని తుపాకీ ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనేది పాత మాట. నేను దాన్ని ఒప్పుకోను. ఉండడం కంటే లేకపోవడమే మేలు.

కళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. గొట్టం కొసన ఉండే గురి ముక్క చేతిదూరంలో ఉంటుంది. పుస్తకం చదివే దూరమూ కాదు, రోడ్డు చూసే దూరమూ కాదు. రెండు రకాల అద్దాలున్న కళ్లజోడులో ఆ దూరానికి ఏ భాగమూ సరిపోదు. తల పైకెత్తి, కిందికి దించి వెతుక్కుంటారు. అర్ధరాత్రి లేచినప్పుడు ఆ కళ్లజోడు కూడా ఉండదు. ఇందులో రివాల్వర్‌కు, పిస్టల్‌కు తేడా ఏమీ లేదు.

చేతిబలం, కంటిచూపు గురించి అందరూ మాట్లాడతారు. నా అనుభవంలో వయసుతోపాటు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది జ్ఞాపకం.

పిస్టల్ గుర్తుపెట్టుకోమని అడిగే తుపాకీ. మ్యాగజైన్ ఉందా, తీశానా? చాంబర్‌లో తూటా ఉందా? సేఫ్టీ పైకా, కిందికా? మ్యాగజైన్ తీసి జేబులో వేసుకుని, ఖాళీ అయిపోయిందని ట్రిగ్గర్ నొక్కి చూసేవాళ్లున్నారు. మ్యాగజైన్ తీసినా చాంబర్‌లో ఒకటి మిగిలి ఉంటుంది. పోలీసు లైన్లలో, రోజూ ఆయుధం పట్టుకునే పాతికేళ్ల కానిస్టేబుళ్లకే మేం ఈ ఒక్క విషయం పదేపదే అరిచి చెప్పేవాళ్లం. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్, తర్వాత కంటితో చూడు, తర్వాత వేలు పెట్టి చూడు. ఆ వరస తప్పితే పనిష్‌మెంటే. అలాంటిది మాత్ర వేసుకున్నానో లేదో అని రాత్రి భార్యను అడిగే మనిషి చేతిలో పిస్టల్ ఎలా పెడతాం? రివాల్వర్‌లో దాపరికం లేదు. తెరిస్తే ఆరు గదులూ కనిపిస్తాయి. మన కాన్పూర్ రివాల్వర్ మధ్యకు విరిచినట్టు తెరుచుకుంటుంది, తూటాలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. లెక్క చూసుకోవడానికి తెలివి అక్కర్లేదు, కళ్లుంటే చాలు. తెరవకపోయినా పక్క నుంచి చూస్తే తూటాల అంచులు తెలుస్తాయి. అరవై అయిదు దాటినవాళ్లకు నేను రివాల్వరే అంటాను. చేతిబలం కారణంగా కాదు, ఈ కారణంగానే.

అయితే రివాల్వర్‌కూ దాని జబ్బు దానికుంది. నింపి పెడితే అది ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే. పాత మోడళ్లలో కిందపడితే పేలేవి ఉన్నాయి. 2024 అక్టోబరు 1న హిందీ నటుడు గోవింద ముంబైలో తన ఇంట్లో సొంత లైసెన్సు రివాల్వర్ పేలి కాలికి గాయమై ఆసుపత్రి పాలయ్యారు. తెల్లవారుజామున ఊరికి బయల్దేరుతూ బీరువాలో పెడుతుంటే చేజారిందని అప్పుడు చెప్పారు. ఆయనకప్పుడు అరవై ఏళ్లు. ఫైటు సీన్లలో ఎన్ని తుపాకులు తిప్పారో! బీరువా దగ్గర తొందరలో ఉన్న మనిషికి అదేమీ అక్కరకు రాలేదు. పాత రివాల్వర్ ఉన్నవాళ్లు హామర్ కింద గది ఖాళీగా ఉంచి అయిదే నింపుకోవాలి. ఆరో తూటా లేకపోయినందువల్ల చచ్చినవాళ్ల గురించి నేను వినలేదు.

రోజూ వెంట ఉంచుకోవడం అనేది మన పెద్దవాళ్ల విషయంలో ఇంకా చిక్కు. తుపాకీ ఒర బెల్టుకు ఉండాలి. పంచెకు బెల్టేది? అందుకే గుడ్డసంచి, కారు డాష్‌బోర్డు, బనియన్ జేబు, రాత్రికి దిండు కింద. సంచి కూరల సంచి పక్కనే వేలాడుతుంది. దిండు కింద పెట్టుకున్నాయన రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కు లేస్తాడు. నిద్రమాత్ర మత్తు సగం ఉంటుంది. అలికిడికి ఉలిక్కిపడతాడు. ఆ అలికిడి చేసేది తొంభై తొమ్మిది పాళ్లు కోడలో, మనవడో, పిల్లో.

కొడుకు మాట విని రివాల్వర్ అమ్మి పిస్టల్ కొనాలనుకున్న నంద్యాల పెద్దాయనను నేను ఆపాను. దానికి చేతులొక్కటే కారణం కాదు. ఆయన ఏళ్లతరబడి పట్టింది ఆ రివాల్వరే. న్యూయార్క్ పోలీసు శాఖ 1993లో 9 ఎం.ఎం. పిస్టళ్లకు మారింది. అంతకుముందు చేరినవాళ్లు ఇష్టమైతే తమ .38 రివాల్వర్లు ఉంచుకోవచ్చంది. ఆ చివరి గుంపు చేత వాటిని వదిలించింది 2018లో. అంత పెద్ద శాఖ పాతికేళ్లు ఆగింది. కంగారులో చేతికి గుర్తొచ్చేది నిన్న నేర్చుకున్నది కాదు. డెబ్భైలో కొత్త తుపాకీ కొనివ్వడం గౌరవం అనుకునే కొడుకులు ఈ సంగతి ఆలోచించాలి.

ఆయనను ఇంకోటి కూడా అడిగాను. నా ముందు తుపాకీ ఖాళీ చేసి, మళ్లీ డమ్మీ తూటాలు నింపి, గొట్టం గోడవైపే ఉంచి, హామర్ లేపకుండా వరసగా ఆరుసార్లు ట్రిగ్గర్ నొక్కమన్నాను. మూడోసారికి చెయ్యి వణికింది. నాలుగోది పూర్తి కాలేదు. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాఫీ తాగి, "సరేలేప్పా" అని వెళ్లిపోయారు.

ప్రభుత్వం చేయాల్సిన పని ఇక్కడుంది. 1959 ఆయుధాల చట్టం లైసెన్సుకు కనీస వయసు ఇరవై ఒకటి అంది. పై హద్దు పెట్టలేదు. పెట్టమని నేనూ అడగను. ఎనభైలో గట్టి చేతులున్నవాళ్లను చూశాను, యాభై అయిదుకే వణికేవాళ్లనూ చూశాను. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. అరవై ఎనిమిదిలో రెన్యువల్ చేసుకున్న మనిషిని మళ్లీ చూసేది డెబ్భై మూడులో. ఈ మధ్యలో ఒక పక్షవాతం, ఒక కంటి ఆపరేషన్, మతిమరుపు మొదలు, అన్నీ జరగొచ్చు. రెన్యువల్ రోజున జరిగేదేమిటి? తుపాకీ నంబరు సరిచూస్తారు, కాగితాలు చూస్తారు, పోలీసు రిపోర్టు తెప్పిస్తారు. మనిషి ఆ తుపాకీని సురక్షితంగా ఖాళీ చేయగలడా అని కళ్లారా చూసే ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు. హైదరాబాద్‌లోనైతే కమిషనర్, జిల్లాల్లోనైతే కలెక్టర్ ఆఫీసు నుంచి ఒక్క ఉత్తర్వు చాలు. అరవై అయిదు దాటిన ప్రతి లైసెన్సుదారూ జిల్లా పోలీసు రేంజిలో, ఆర్మరర్ ఎదుట, సొంత తుపాకీ తెరిచి, నింపి, దగ్గరి దూరంలో ఆరు రౌండ్లు కాల్చి, మళ్లీ ఖాళీ చేసి చూపించాలి. పావుగంట పని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వీళ్లంతా స్టేషన్లలో తుపాకులు డిపాజిట్ చేసి, అయ్యాక తీసుకెళ్తూనే ఉన్నారు కదా. ఆ తిరిగిచ్చే రోజునే ఈ పరీక్ష పెట్టినా సరిపోతుంది.

పెద్దవాళ్ల నుంచి నాకు వచ్చే జవాబు తెలుసు. తుపాకీ పోతే పరువు పోతుందని. నలభై ఏళ్లు నడుముకు ఉన్నదాన్ని తీసేస్తే ఊళ్లో ఏమనుకుంటారని. ఆ భయం నిజమైనదే, నేను ఎగతాళి చేయను. కానీ చట్టమే వాళ్లకు మర్యాదైన దారి ఒకటి చూపించింది. 2016 ఆయుధాల నిబంధనల్లో ఇరవై అయిదో నిబంధన ప్రకారం, డెబ్భై ఏళ్లు నిండినా, తుపాకీ పాతికేళ్లు తన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, లైసెన్సుదారు బతికుండగానే దాన్ని తన వారసుడి పేరున బదిలీకి అడగొచ్చు. వారసుడికి అర్హత ఉందో లేదో అధికారులు చూస్తారు. చూడాలి కూడా, కొడుకైనంత మాత్రాన తుపాకీకి తగినవాడు కాడు. వారసుడు వద్దంటే డీలరుకు అమ్మేయొచ్చు, స్టేషన్‌లో అప్పగించొచ్చు.

మీ ఇంట్లో డెబ్భై దాటిన లైసెన్సుదారు ఉంటే, రివాల్వరా పిస్టలా అన్న వాదన పక్కన పెట్టి, ఈ ఆదివారం ఒక పని చేయండి. తుపాకీ తెలిసిన మనిషిని ఒకరిని పిలిచి, ఆయన ఎదుట పెద్దాయన చేతే దాన్ని ఖాళీ చేయించండి. తడుముకోకుండా చేస్తే సరే. తడుముకుంటే సోమవారం డీలరు దగ్గరికో, కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్‌కో వెళ్లండి.